ఊరుమ్మడి కరెంటులో ఒక ఇంటి లెక్క

మధుసూదన్‌ని చూడనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు, గుర్తుపెట్టుకున్నవాళ్ళూ పెద్దగా లేరు. టౌన్ హాల్లో లైటు మినుకుమంటే స్టూలెక్కేది అతనే. కౌన్సిల్ మీటింగులో మైకు కీచుమంటే గబగబా వచ్చి వైరు సరిచేసి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయేదీ అతనే. యాభై నాలుగేళ్ళ మనిషి. మిర్యాలగూడ దగ్గర పుట్టి, మస్కట్‌లో పదేళ్ళు పవర్ ప్లాంటులో పనిచేసి, శాశ్వత నివాసపు పీఆర్ మీద కెనడా వచ్చి పద్నాలుగేళ్ళయింది. వాటర్లూ నుంచి బస్సులో నలభై నిమిషాలు వెళ్తే వచ్చే ఆ చిన్న ఊళ్ళో మునిసిపాలిటీ బిల్డింగులన్నిటికీ కరెంటు పని చూస్తాడు. ఎవరేం అడిగినా "చూస్త" అంటాడు తప్ప "చేస్త" అనడు. పోయి చూసి, తన వల్ల అవుతుందనుకున్నాకే చేస్తానంటాడు. భార్య శ్యామల ముసలివాళ్ళ హోమ్‌లో పనిచేస్తుంది. ఇంట్లో కుళాయి కారుతోందని చెప్పినా ఈ మహానుభావుడు ఇదే జవాబిస్తాడని ఆవిడ నెత్తి కొట్టుకుంటుంది.

రెండువేల ఇరవై మూడు చలికాలంలో అతను ఒక మాట ఇచ్చాడు. చూసి ఇచ్చాడు, ఆలోచించి ఇచ్చాడు, అయినా నిలబెట్టుకోలేకపోయాడు. ఆ ఊళ్ళోని తెలుగు పిల్లలు ఇప్పటికీ అతన్ని తిట్టుకునేది దాని గురించే.

ఆ ఏడు మునిసిపాలిటీకి ఒక ఆలోచన వచ్చింది. ఊళ్ళో ప్రతి ఇల్లూ ఎవరికి వారు కరెంటు కొనుక్కునే బదులు, అందరి తరఫునా మునిసిపాలిటీయే గాలిమరల కరెంటు, సోలార్ కరెంటు పదేళ్ళకి సరిపడా టోకున కొనాలి. బొగ్గూ గ్యాసూ కాల్చని కరెంటు. ఊరంతా ఒక్క గొంతుతో బేరమాడితే అమ్మేవాడు దిగొస్తాడు. ఇష్టం లేనివాళ్ళు ఒక్క ఫోన్ చేసి తప్పుకోవచ్చు, చెయ్యకపోతే ఉన్నట్టే లెక్క. ఇంగ్లీషులో దానికి చాంతాడంత పేరు పెట్టారు. మధుసూదన్ ఇంటికొచ్చి శ్యామలకి చెప్పేటప్పుడు "ఊరుమ్మడి కరెంటు" అన్నాడు. ఆ పేరు అతనికి ఎంత నచ్చిందంటే ఆ పూట అన్నం తింటూ నాలుగుసార్లు అన్నాడు.

అమ్మే కంపెనీ మాత్రం ఒక మెలిక పెట్టింది. రైల్వే పట్టాల అవతల మూడు వీధుల్లో నలభై ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళ మీటర్లు నలుగురుండే ఇంటి మీటర్లలా తిరగడం లేదు. పొద్దున నాలుగింటికి ఒక ఎత్తు, మధ్యాహ్నం ఒక ఎత్తు, ఎప్పుడూ సద్దు మణగదు. ఏ గంటకి ఎంత వాడతారో తెలియని ఇళ్ళకి పదేళ్ళ కరెంటు ముందే ఎలా అమ్ముతామని, ఆ నలభై ఇళ్ళని పక్కన పెట్టమన్నారు. లేదా కారణం చూపించమన్నారు.

కారణం మధుసూదన్‌కి తెలుసు. అవి స్టూడెంట్ల ఇళ్ళు. ఆ రెండు మూడేళ్ళుగా కాలేజీలు సీట్లు పెంచుకుంటూ పోయాయి. వాటర్లూలో గదులు దొరక్క, బస్సు వెళ్ళే ప్రతి ఊరికీ పిల్లలు పాకారు. వరంగల్ వాళ్ళు, ఒంగోలు వాళ్ళు, కడప వాళ్ళు. ఒకడు వేర్‌హౌస్ షిఫ్టుకి లేచే వేళకి ఇంకొకడు బేకరీ షిఫ్టు నుంచి వచ్చి పడుకుంటాడు. అందుకే ఆ ఇళ్ళలో రైస్ కుక్కర్ రోజుకి ఐదుసార్లు కూస్తుంది.

ఈ ముక్క మునిసిపాలిటీలో అతని పై అధికారి మార్గరెట్‌కి చెప్పాడు. "మరి నువ్వే వెళ్ళి లెక్క రాసుకురా," అందావిడ. మధుసూదన్ ఎప్పటిలాగే చూస్తానన్నాడు. ఇంటింటి పేరుతో మనుషుల లెక్క ఎవరికీ ఇవ్వనని, ఏ గంటకి ఎంత కరెంటు అన్నదే ఇస్తానని ఆవిడతో ముందే ఒప్పించుకున్నాడు.

పేరుకి అది కంపెనీకి చూపించే లెక్కే గానీ, అతని మనసులో ఉన్నది వేరు. ఆ పిల్లల పేర్లు ఈ ఊళ్ళో ఏ కాగితం మీదా లేవు. ఓటు లేదు, మీటరు ఓనర్ పేరు మీద ఉంది, అగ్రిమెంటు మీద ఒకడి పేరుంటే పడుకునేది ఆరుగురు. ఊరంతా కలిసి కొనే కరెంటులో వాళ్ళు వండుకునే అన్నం కూడా లెక్కలోకి రావాలని అతనికి గట్టిగా ఉండింది. ఉమ్మడి అన్న మాటకి అర్థం అదేగా అనుకున్నాడు.

నవంబరులో తలుపులు కొట్టడం మొదలుపెట్టాడు. మొదట్లో ఒక్కడూ తీయలేదు. కిటికీ పరదా కదలడం, లోపల టీవీ ఆగిపోవడం అతనికి తెలుస్తూనే ఉండేది. మునిసిపాలిటీ కోటు వేసుకొచ్చినవాడు ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడిగితే ఎవడు చెబుతాడు? చివరికి కోటు విప్పి చంకలో పెట్టుకుని, చలికి వణుకుతూ తెలుగులో పిలిచాడు. ఆ పిలుపుకి తెరుచుకున్న మొదటి తలుపు మూడో వీధి చివరింటి బేస్‌మెంటుది. తీసినవాడి పేరు రేవంత్. నరసరావుపేట కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళు, ట్రిపులీ చదివి ఇక్కడ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చేస్తున్నాడు. ఆ బేస్‌మెంటులోని ఆరుగురికీ పెద్ద దిక్కు వాడే.

"చూడు బాబూ, మీరెంతమంది ఉన్నరు, ఏమేం వాడుతున్నరు, ఎప్పుడు వాడుతున్నరు, నిజం చెప్పండి. ఇది కరెంటు కొనే లెక్క. ఇంటి నంబరు పెట్టి ఇంకో ఆఫీసుకు పోదు."

"మీరెళ్ళాక ఇన్‌స్పెక్షన్ వాళ్ళొస్తే అంకుల్?" అన్నాడు రేవంత్. "మొన్న పక్క వీధిలో వచ్చారు. ఒక్క ఇంట్లో ఇంతమంది ఉండకూడదని వింటర్‌లో మమ్మల్ని బయటికి తోస్తే ఎక్కడికి పోతాం?"

మధుసూదన్ చంకలోని కోటు తీసి మెట్టు మీద పెట్టాడు. తర్వాత "నా నోటి నుంచి పోదు. మాటిస్తున్న," అన్నాడు.

రేవంత్ ఫోన్లు చేస్తే పదహారు ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. మిగతావి వాటిని చూసి తెరుచుకున్నాయి. ఏ ఇంట్లో చూసినా "అంకుల్, టీ తాగండి" అన్నవాళ్ళే. ఒక ఇంట్లో ఉప్మా పెట్టారు, అందులో ఉప్పు లేదు, అయినా తిన్నాడు. మూడు వారాల్లో నలభై ఇళ్ళ లెక్కా పూర్తయింది. కంపెనీవాళ్ళు ఆ కాగితాలు చూసి, ఇప్పుడు అర్థమైంది, ఈ ఇళ్ళని కూడా కలుపుకోవచ్చన్నారు. శ్యామల తర్వాత చెప్పింది, ఆ రోజు ఇంటికొచ్చి పాట కూడా పాడాడట. అది మాత్రం అతను ఒప్పుకోడు.

అన్ని ఇళ్ళలో రేవంత్ వాళ్ళ ఇంటి లెక్క ఒక్కటే కుదరలేదు. వాళ్ళు చెప్పిన సామానుకీ మీటరు తిరుగుడుకీ పొంతన లేదు. డిసెంబరు మధ్యలో మళ్ళీ వెళ్ళి, ఇంకేం వాడుతున్నారని అడిగాడు. రేవంత్ నవ్వుతూ బట్టలారబెట్టే డ్రైయర్ వెనక్కి తీసుకెళ్ళాడు.

ఇక్కడ ఇళ్ళలో మామూలు ప్లగ్గులకి నూట ఇరవై వోల్టులే వస్తాయి. మన దేశం నుంచి తెచ్చిన సామాన్లు దాని మీద పనిచెయ్యవు. డ్రైయర్ ప్లగ్గుకి మాత్రం రెండు వందల నలభై. రేవంత్ ఇంజనీరింగు బుర్రకి అది చాలు. డ్రైయర్ ప్లగ్గు నుంచి వైరు లాగి, గోడలో కన్నం చేసి, లోపల అతుకేసి టేపు చుట్టి, అవతలి గదిలో ఇండియా నుంచి తెచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కలిపాడు. ఆ బోర్డు మీద ఇంటి నుంచి తెచ్చిన ఇండక్షన్ స్టవ్, మిక్సీ, ఇస్త్రీపెట్టె ఉన్నాయి. కెనడాలో చలి అని విని ఒకడి తల్లి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి పంపిన రూమ్ హీటరూ ఉంది.

"నేనే చేశానంకుల్. ఎట్లా ఉంది?" అన్నాడు రేవంత్. మిగతా ఐదుగురూ వాడివైపు గర్వంగా చూశారు. నిజమే, వాడి పుణ్యమా అని వాళ్ళు వేడిగా తింటున్నారు, వెచ్చగా పడుకుంటున్నారు. ఇంటి వేడిని పెంచీ తగ్గించే థర్మోస్టాట్ పై అంతస్తులో ఉంది, దానికి ఓనర్ తాళం వేసుకుపోయాడు మరి.

మధుసూదన్ వంగి బోర్డు మీద చెయ్యి పెట్టాడు. వేడిగా ఉంది. వైరు పట్టుకుంటే అదీ వేడే. డ్రైయర్ కోసం పెట్టిన బ్రేకర్ డ్రైయర్‌కి తగ్గది. ఈ సన్న వైరు కాలిపోతున్నా అది పడదు. బోర్డు మీద స్విచ్చి ఆపినా రెండు తీగల్లో ఒకటే తెగుతుంది, రెండోదాంట్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. బయటికి పోవడానికి ఆ బేస్‌మెంటుకి ఉన్నది ఒక్క మెట్లదారి, అదీ ఆ గది ముందు నుంచే. కిటికీలు పిల్లి దూరేంత. ఇవన్నీ వాళ్ళకి ఓపిగ్గా చెప్పాడు. సరేనంకుల్, తీసేస్తామన్నారు. తన ఎదురుగానే ప్లగ్గు పీకించాడు. మిసిసాగాలో ఉండే ఓనర్ జనార్ధనరావుకి ఫోన్ చేసి హీటింగ్ సరిగ్గా పెట్టమన్నాడు, ఎలక్ట్రీషియన్‌ని పిలవమన్నాడు.

"అలాగే మధుగారూ, తప్పకుండా. ఫిబ్రవరిలో ఆ పని మీదే వస్తున్నా," అన్నాడు జనార్ధనరావు. ఆయన ఏ పనికైనా రెండు నెలల దూరంలో ముహూర్తం పెట్టే మనిషి.

జనవరి రెండో వారంలో చలి మైనస్ ఇరవైకి దిగింది. మధుసూదన్ ఉండబట్టలేక వెళ్ళి చూశాడు. ప్లగ్గు మళ్ళీ పెట్టే ఉంది. ఇప్పుడు హీటర్లు రెండు. బోర్డు ఒక మూల పసుపుపచ్చగా మారింది. గోడ దగ్గర నిలబడితే ఏదో మాడిన వాసన సన్నగా తగులుతోంది. ఆ పూట ఇంట్లో ఉన్న ఇద్దరూ దుప్పట్లు కప్పుకుని పరీక్షలకి చదువుకుంటున్నారు. "ఇది లేకపోతే చచ్చిపోతామంకుల్ చలికి," అన్నాడొకడు. మధుసూదన్ ప్లగ్గు పీకాడు. తను వెళ్ళగానే వాళ్ళు మళ్ళీ పెడతారని అతనికి తెలుసు.

ఇంటికొచ్చి శ్యామలకి చెప్పాడు. ఫైర్ డిపార్ట్‌మెంటుకి చెబితే పిల్లలు ఈ చలిలో రోడ్డున పడతారు, చెప్పకపోతే ఏమవుతుందో తలుచుకోవడానికే భయంగా ఉందన్నాడు.

"పేరు చెప్పకుండ ఫోన్ చెయ్యి. ఎవరు చేసిన్రో పిల్లలకు తెల్వదు. నీ మాటా పోదు, వాళ్ళ పానాలూ పోవు," అంది శ్యామల.

ఆవిడ చెప్పినదాంట్లో తప్పేం లేదు. ఇంకెవరైనా అదే చేసేవాళ్ళు. మధుసూదన్ మాత్రం చెయ్యలేకపోయాడు.

తొంభై మూడులో, ఇరవై నాలుగేళ్ళప్పుడు, అతను మిర్యాలగూడ దగ్గర సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. అక్కడ ఒక పద్ధతి ఉంది. లైన్‌మన్ స్తంభమెక్కే ముందు ఆపరేటరు దగ్గర ఎల్‌సీ తీసుకుంటాడు. అంటే లైను ఆపాను, ఎక్కు అని ఆపరేటరు ఇచ్చే మాట. పేరూ టైమూ పుస్తకంలో రాస్తారు. పనయ్యాక ఎల్‌సీ తీసుకున్న మనిషే, తన నోటితోనే, దాన్ని వాపసు ఇవ్వాలి. అప్పటిదాకా బ్రహ్మదేవుడు చెప్పినా లైను ఇవ్వకూడదు. ఒక మధ్యాహ్నం అంజయ్య అనే లైన్‌మన్ ఎల్‌సీ తీసుకున్నాడు. గంట తర్వాత రైస్ మిల్లు ఫోన్ నుంచి హెల్పరు మాట్లాడాడు. అంజయ్య దిగిండు, లైను ఇయ్యండి అన్నాడు. ఆ హెల్పరు అబద్ధం చెప్పలేదు, అంజయ్య దిగిన మాట నిజమే. పైన మరిచిపోయిన కటింగ్ ప్లయరు కోసం మళ్ళీ ఎక్కాడు. రైతులు ఎండిపోతున్న నారు కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. మధుసూదన్ లైను ఇచ్చేశాడు.

అంజయ్యకి ఇద్దరు ఆడపిల్లలు. మధుసూదన్‌ని సస్పెండ్ చేసి, ఎంక్వయిరీ చేసి, తప్పు హెల్పరుదని తేల్చి మళ్ళీ తీసుకున్నారు. ఆఫీసు తేల్చింది గానీ అతను తేల్చుకోలేకపోయాడు. మూడేళ్ళు చేసి రాజీనామా ఇచ్చాడు. మస్కట్ వెళ్ళినా, ఇక్కడికొచ్చినా ఆ మధ్యాహ్నం అతన్ని వదల్లేదు. కన్ను మూతపడితే ఆ ఫోన్ మోగుతుంది. శ్యామలకి తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"మాట తీస్కున్నోళ్ళకు తెల్వకుండ దాన్ని తియ్యొద్దు శ్యామలా," అన్నాడు. "నేను ఇచ్చిన. నేనే పోయి వాళ్ళ మొఖం మీద చెప్పి వాపస్ తీస్కుంట. తర్వాతనే ఫోన్."

మర్నాడు ఆదివారం. ఆరుగురూ ఇంట్లో ఉండే టైము కనుక్కుని వెళ్ళాడు. బూట్లు విడిచి, వాళ్ళు వేసిన కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"మీకు మాటిచ్చిన, నా నోటి నుంచి పోదని. ఆ మాట ఇప్పుడు వాపస్ తీస్కుంటున్న. రేపు పొద్దున పది గంటలకు ఫైర్ ఆఫీసుకు నేనే ఫోన్ చేస్త. నా పేరు చెప్పే చేస్త. మా ఇంట్ల ఇద్దరు ఉండొచ్చు. ఇంకో ఇద్దరికి గుడి వాళ్ళతోని మాట్లాడిన. మిగిలిన ఇద్దరికీ చూస్తున్న."

 అందరూ ఒక్కసారే అరిచారు. ఒక పిల్లాడు ఏడ్చాడు. వాడికి వచ్చే వారం పరీక్షలు.

"మీకు తలుపు తీసింది నేను," అన్నాడు రేవంత్.  "పదహారు ఇళ్ళకి ఫోన్ చేసి, మనాయనే, నమ్మచ్చు, అని చెప్పింది నేను. ఇప్పుడు వాళ్ళందరికీ నేనేం చెప్పాలి? మీ ఇంట్లో ఉండేంత సిగ్గులేని వాళ్ళం కాదు. వెళ్ళండంకుల్."

మధుసూదన్ వెళ్ళే ముందు ప్లగ్గు పీకి, ఇవ్వాళ ఒక్కరోజు పెట్టకండని బతిమాలాడు. సోమవారం పదింటికి ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి ఇల్లు మూయించారు. జనార్ధనరావు మాత్రం ఫిబ్రవరి దాకా ఆగకుండా ఆ రోజే వచ్చాడు. పిల్లలు గిన్నెలూ పుస్తకాలూ చెత్త సంచుల్లో వేసుకుని మంచులో నిలబడ్డారు. ఎవరికి తోచిన చోటికి వాళ్ళు పోయారు. మధుసూదన్ ఇంటికి ఒక్కడూ రాలేదు. శ్యామల ఆ పూట వండిన అన్నం ఇద్దరికి మిగిలింది.

ఆ సాయంత్రానికే వాట్సాప్ గ్రూపుల్లో మెసేజి తిరిగింది. కరెంటు లెక్క అని వచ్చే తెలుగాయన్ని నమ్మకండి, ఉమ్మడి కరెంటు అంతా మనల్ని పట్టించడానికే, వెంటనే ఓనర్ల చేత ఫోన్ చేయించి ఇంటిని తీయించుకోండి. వారం తిరిగేసరికి నలభై ఇళ్ళలో ముప్పై ఒకటి తప్పుకున్నాయి. మార్గరెట్ ఆ లిస్టు అతని ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏదైనా అన్నా బాగుండేదని అతనికి అనిపించింది.

ఫిబ్రవరి చివర టౌన్ హాల్లో ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఊరంతా ఒక్కటై స్వచ్ఛమైన కరెంటు కొంటున్నదని మేయరు మైకులో చెబుతుంటే, ఆ మైకు వైరు దగ్గర మధుసూదన్ కూర్చుని ఉన్నాడు. అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. పట్టాల అవతలి మూడు వీధుల నుంచి ఒక్క మనిషి రాలేదు.

అంతకు ముందు వారమే ఫైర్ ఇన్‌స్పెక్టరు ఒక ఫోటో పంపాడు. గోడ పగలగొడితే బయటపడింది. రేవంత్ టేపు చుట్టిన అతుకు దగ్గర గోడ లోపలి కర్ర జానెడు మేర బొగ్గయిపోయింది. ఇంకో వారం, మహా అయితే పది రోజులు ఆగేదేమో అని ఆయన కింద రాశాడు. మధుసూదన్ ఆ ఫోటో ఇంటికి తెచ్చి చూపించాడు. శ్యామల చూసి దేవుడికి దండం పెట్టుకుంది. "ఇది గ్రూపుల పెట్టు. నిన్ను తిట్టినోళ్ళందరికీ తెలుస్తది," అంది. చూస్తానన్నాడు.

మార్చిలో ఒక రోజు పని మీద వాటర్లూ వెళ్ళినప్పుడు సిటీ బస్సులో రేవంత్ కనిపించాడు. చిక్కిపోయాడు. మొహం తిప్పుకుంటాడనుకుంటే, ఎదురుగా వచ్చి రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. బ్రాంప్టన్‌లో ఫ్రెండు గది నేల మీద పడుకుంటున్నాడట. క్లాసులకి రెండు బస్సులు మారి వస్తున్నాడు. ఒక సబ్జెక్టు పోయింది. ఇవన్నీ దాచుకోకుండా చెప్పాడు, చెబుతున్నంతసేపూ మధుసూదన్ కళ్ళలోకే చూశాడు.

"ఒక్కటి చెప్పండంకుల్. గోడ పగలగొట్టారంట కదా. నేను వేసిన వైరింగ్ నిజంగా కాలిందా?"

ఫోన్ మధుసూదన్ చేతిలోనే ఉంది. ఫోటో తెరిచి చూపిస్తే, ఈ పిల్లాడి కోపం అక్కడికక్కడే చల్లారిపోతుంది. నలభై ఇళ్ళవాళ్ళూ అతని ఇంటికొచ్చి టీ తాగుతారు. తప్పుకున్న ఇళ్ళు మళ్ళీ కలిసినా కలుస్తాయి. వేలు స్క్రీను మీదికి వెళ్ళింది కూడా. అప్పుడు రేవంత్ చేతులు చూశాడు. ఆ అతుకు వేసిన చేతులు. దాని అవతలి గదిలో ఐదుగురు పడుకునేవాళ్ళు, వీణ్ణి నమ్ముకుని.

"లేదు బాబూ. ఏం కాలే. బోర్డు కొంచెం వేడెక్కింది, అంతే," అన్నాడు. "కానీ ఇంకెక్కడా అట్ల పెట్టకు. నా మీద కోపంతోనన్నా పెట్టకు."

"ఇప్పుడున్న చోట డ్రైయరే లేదు లెండి," అన్నాడు రేవంత్. తర్వాత వాడి మొహం ఎర్రబడింది. "ఏమీ కాలేదు. చూశారా? ఏమీ కానిదానికి ఆరుగురిని మంచులో నిలబెట్టారు."

"అవును," అన్నాడు మధుసూదన్.

రేవంత్ తర్వాతి స్టాపులో దిగిపోయాడు. బస్సు కదిలాక మధుసూదన్ ఫోన్‌లోంచి ఆ ఫోటో తీసేశాడు. ఈ రాత్రి బ్రాంప్టన్‌లో వాడు తనని తిట్టుకుంటూ నేల మీద నడుం వాలుస్తాడు, వాల్చగానే నిద్రపోతాడు. మధుసూదన్‌కి ముప్పై ఏళ్ళుగా లేనిది అదొక్కటే.